పదిహేడో చెవిరాయి

ఉదయం ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు, కాలువ గట్టున మాటలు విని కొలిచే పదిహేడో చెవిరాయి డెబ్బై ఒకటి చూపింది. తాపానికి పరిమితి నలభై. సంధి మొదలైన తర్వాత అది తొమ్మిది వందల అరవై ఒకటో రోజు.

శ్రోత చౌడమ్మ అప్పటికి పనిలోకి వచ్చి గంటా నలభై నిమిషాలయింది. ఐదు గంటలకు గుట్ట మీది పాత పంపుహౌసులో తల్లిరాయి ముందు కూర్చుని, తాళంచెవి తిప్పి, రోజూ చెప్పే వాక్యం చెప్పింది: "నేను శ్రోతను. ఇవాళ అంతా క్షేమం." ఆ గొంతు మూలస్వరం. కాలువకు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు వెళ్లే మాట ఆ గొంతుకు ఎంత దూరమైతే అంత తాపం. మాట ఏదీ వెళ్లకపోతే ఆ మౌనాన్ని కూడా దానితోనే పోల్చి కొలుస్తారు. వాక్యాన్ని ఎంత చదునుగా పలకాలో రాజధానిలో మూడు నెలలు నేర్పారు. చౌడమ్మ ఎంత నేర్చుకుందంటే, ఆమె గొంతుకూ మౌనానికీ, రాళ్లు విన్నదంతా తూచే మధ్యస్థం అనే యంత్రం తేడా కట్టలేకపోయింది.

ఇరవై రెండు రాళ్లు. తొమ్మిది వందల అరవై రోజులు. రోజూ ఇరవై రెండు సున్నాలు. చౌడమ్మ డెబ్బై ఒకటిని చూసి, రికార్డును మూడుసార్లు విన్నది.

మొదటి గొంతు తూర్పు గట్టు నుంచి. కత్తువకింద ఊరి నారెమ్మది.

"ఏమ్మే ఈరమ్మా! మీ గట్టున గడ్డికి కరువొచ్చెనా? నీ మేకపోతు తూము పలక మీంద నడిసొచ్చి నా మిరప నారంతా మేసి పాయనే!"

రెండో గొంతు పడమటి గట్టు నుంచి. బండమీదూరు ఈరమ్మది.

"మేకకేం తెలుసు ఏ గట్టు ఎవురిదో. అది గూడ సంధి కాయితం మీంద సంతకం పెట్టిందా?"

"అది పెట్టల్యా, నువ్వు పెట్టినావు. కట్టేసుకోవల్ల."

"నువ్వు కంచె ఏసుకోవల్ల. కంచె ల్యాకుండా నారు పోసి, ఊరి మేకల్ని తిడతావా?"

"కంచెకు కంప కొట్టకరాను మీ ఆయప్పను పంపు."

ఇక్కడ రికార్డులో నాలుగు సెకన్లు ఖాళీ. ఈరమ్మ భర్త కత్తువకింద వాళ్ల తుపాకీకి చనిపోయాడు. ఆ సంగతి రెండు గట్లకూ తెలుసు. చౌడమ్మ మూడుసార్లూ అక్కడ పెన్ను కింద పెట్టింది.

"ఆయప్ప ఉంటే కంప గాదే, దబ్బనంతో నీ నోరు కుట్టేసేటోడు."

"ఆయప్ప ఉంటే నీకింత నోరుండేది గాదులే."

"పోమ్మే, నీ నోట్లో మన్ను పడ."

"నీ మేకకు గాలికుంటు రాను."

నిడివి ఒక నిమిషం యాభై సెకన్లు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడటం దాదాపు పదేళ్ల తర్వాత అదే మొదలు.

ఆ రెండు ఊళ్లలో పగ ఉన్న ఇళ్ల మధ్య మాట ఉండదు. ఎదురుపడితే తల తిప్పుకుంటారు. అవతలి ఇంట్లో నీళ్లు ముట్టరు. తిట్టరు కూడా. తిట్లు సొంతవాళ్లకు, ఇరుగుపొరుగుకు. చౌడమ్మ తల్లి బతికున్నప్పుడు అనేది: "పగోన్ని తిట్టగూడదు. తిట్టు గూడ పలకరింపే." ఒకరు తిట్టి, అవతలివాళ్లు తిరిగి తిడితే మాటలు కలిసినట్టే. ఆ తర్వాత కత్తి పడితే సొంత ఊరే ఒప్పుకోదు.

తూము పోరు ఏడేళ్లు నడిచింది. మూడు వందల పన్నెండు మంది చనిపోయారు. తర్వాత రాజధాని నుంచి మధ్యస్థం వచ్చింది. దానికి తాప ప్రమాణాన్ని రాజధానిలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం సమావేశాల్లో రికార్డు చేసిన గొంతులతో స్థిరపరిచారు. ఆ సమావేశాల్లో అరిచినవాళ్లు తర్వాత ఒకరి కారు అద్దాలు ఒకరు పగలగొట్టుకున్నారు. అరుపు ముందు, దెబ్బ తర్వాత అని మధ్యస్థం నేర్చుకుంది. కత్తువకిందలో, బండమీదూరులో దెబ్బకు ముందు ఏం వినబడుతుందో ఎవరూ అడగలేదు. అక్కడ ఏమీ వినబడదు.

వెయ్యి రోజులు భంగం లేకుండా గడిస్తే రాళ్లు తీసేస్తారు, కాపలా దండు వెళ్లిపోతుంది. భంగం జరిగితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. తూము నలభై రోజులు మూతపడుతుంది. మాట్లాడినవాళ్లు ఊరు విడిచి రెండేళ్లు దూరవాసం వెళ్లాలి. మిరప నాట్లకు పదకొండు రోజులుంది.

తెర మీద రెండు గడులు వెలిగాయి: భంగం, యంత్రదోషం. గడువు నాలుగు గంటలు. పదీ నలభై రెండుకల్లా శ్రోత ఒకటి నొక్కకపోతే మధ్యస్థం దాన్ని భంగం కిందే తీసుకుంటుంది.

ఏడుంబావుకు రాజధాని నుంచి పర్యవేక్షకుడు శ్రీకంఠం లైన్లోకి వచ్చాడు.

"చౌడమ్మ గారూ, కంగారేం లేదు. యంత్రదోషం నొక్కేయండి. రాయి మారుస్తాం."

"రాయి బాగుండాది సార్."

"తెలుసండీ. ఇంకెంత, ముప్పై తొమ్మిది రోజులు. వెయ్యో రోజు దాకా నోరు విప్పొద్దని ఆ ఇద్దరాడవాళ్లకీ దండు కెప్టెన్ చేత చెప్పిస్తాను."

"పదేండ్లకు ఇప్పినారు సార్ నోరు. మళ్లా మూయమంటే ఇంగ తెరవరు."

"వెయ్యి దాటాక తీరిగ్గా తిట్టుకోమనండి."

"తిట్లు వాయిదా ఏస్తే తిట్లుండవు సార్. ఇంగోటుంటాది."

"ఏంటది?"

"మీరు రాకముందు ఏడేండ్లున్నది."



"అయితే భంగం నొక్కుతారా?"

"మూడో గడి ల్యాదా సార్?"

"లేదండీ."

ఫోన్ పెట్టేశాక చౌడమ్మ ఆరు వందల నాలుగో రోజు నివేదిక తీసింది. ఆ మధ్యాహ్నం కత్తువకింద సుబ్బన్న మూడో రాయి దగ్గర కాలువలో జారిపడ్డాడు. ఆయన నారెమ్మ తండ్రి. పడమటి గట్టు మీద బండమీదూరు వాళ్లు పదకొండు మంది ఉన్నారు. తూర్పున రెండు వందల అడుగుల దూరంలో, గట్టు కింది పొలంలో నారెమ్మ కలుపు తీస్తోంది. పడమటి నుంచి ఒక్క కేక వేస్తే ఆమెకు వినబడేది. మూడో రాయి నాలుగు నిమిషాలు నీళ్ల చప్పుడు నమోదు చేసింది. సుబ్బన్న రెండుసార్లు అరిచాడు, కాలువలోంచి ఆ అరుపు గట్టు దాటలేదు. ఎవరి పేరూ పెట్టి పిలవనందున మధ్యస్థం ఆ అరుపులను వదిలేసింది. చౌడమ్మ దండుకు ఫోన్ చేసింది. వాళ్లు రావడానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది. నివేదికలో ఆ రోజు వాక్యం: "తాపం: సున్నా. ప్రశాంతం." కింద సంతకం చౌడమ్మది.

ఎనిమిది గంటలకు ఆమె సంధి నియమావళిలో పరికరాల అధ్యాయం చదివింది. పద్నాలుగో అంశం: శ్రోత ఏడాదికి ఒకసారి ఏ రాయి దగ్గరైనా తాళం పెట్టి మూలస్వరాన్ని కొత్తగా ఇవ్వవచ్చు. నిడివి తొంభై సెకన్లు. తేలని నమోదులన్నిటినీ మధ్యస్థం కొత్త స్వరంతో తిరిగి కొలుస్తుంది. కొత్త స్వరాన్ని రద్దు చేయాలంటే రెండు ఊళ్ల నుంచీ ఐదేసి సంతకాలు కావాలి.

గత రెండేళ్లూ ఆమె ఆ పని తల్లిరాయి దగ్గరే, చదునైన గొంతుతో చేసింది. ఈ ఏడాది ఇంకా చేయలేదు.

పరీక్ష మీట వేసి, గదిలో నిలబడి గోడను తిట్టింది. తెర పద్నాలుగు చూపింది. ఇంకాస్త గట్టిగా తిట్టింది. తొమ్మిది.

ఎదుట మనిషి లేనిదే తిట్టుకు తాపం రాదు. పదిహేడో రాయి తూము దగ్గర ఉంది. ఉదయం పూట తూము దగ్గర ఉండే మనిషి ఒక్కడే: రెండు ఊళ్లకూ నీళ్లు వదిలే నీరుగంటి మద్దిలేటి. బండమీదూరు వాడు. పోరు ఐదో ఏట తూనీగలనే బాంబు డ్రోన్లు ఎగరేశాడు. వాటిలో ఒకటి కత్తువకింద మిరపతోట మీద పేలింది. తోటలో ఉన్న ఓబులేసు చనిపోయాడు. ఓబులేసు చౌడమ్మ తమ్ముడు. సంధి తర్వాత మద్దిలేటి ఒప్పుకోలు రిజిస్టరులో ఆ పేరు రాసి వేలిముద్ర వేశాడు. నీరుగంటి పని అతనికి సంధి వేసిన శిక్ష. చౌడమ్మ తల్లి చేనికి ఎనిమిది రోజులకోసారి అతనే నీళ్లు వదిలాడు. ఆమె చనిపోయేదాకా అతని పేరు ఎత్తలేదు. చౌడమ్మ కూడా ఎత్తలేదు.

తొమ్మిదీ యాభైకి ఆమె పంపుహౌసుకు తాళం వేసి గుట్ట దిగింది. శ్రోత కాలువకు కిలోమీటరు లోపలికి రాకూడదు. పరికరాల పనికి మినహాయింపు ఉంది. రెండు కిలోమీటర్లు నడిచింది. దారిలో కత్తువకింద వాళ్లు ఇద్దరు ఎదురయ్యారు. ఊళ్లో ఆమెకున్న పేరుతో, చెవులమ్మ కిందికి దిగిందేమని ఒకరినొకరు అడిగారు. ఆమెను అడగలేదు.

పదీ ముప్పై ఒకటికి తూము చేరింది. మద్దిలేటి పలక మర తిప్పే ఇనుప చక్రానికి గ్రీజు రాస్తున్నాడు. ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. ఆమె పదిహేడో రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని తాళం పెట్టింది. వేలు ఆనించింది. రాయి మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. పదీ ముప్పై నాలుగు.

మొదటి పదకొండు సెకన్లు రికార్డులో ఏమీ లేదు. తర్వాత ఆమె లేచి నిలబడింది.

"ఒరే మద్దిలేటీ!"

అతను చక్రం వదిలేశాడు.

"నా తమ్ముని మీంద తూనీగ ఇడిసినోడివి నువ్వు. ఇరవై రెండేండ్లు రా వానికి. తోటలోకి పోయి పిట్టల్ని తోలి వస్తానని సెప్పులు గూడ ఏసుకోకుండ పాయె. ఐదేండ్లు! ఐదేండ్లాయ నీ మొగం సూడక. నువ్వు ఇడిసిన నీళ్లతోనే మా యమ్మ సేను పండిచ్చె, ఆ గింజలే తినె, నీ పేరు నోట్లోకి రానీక సచ్చె. నీ సేతులు పడిపోను! పోనీ ఆ నీళ్లన్నా సక్కంగా ఇడుస్తావా? పై మడి మునిగిపోతాది, కింద మడి నెర్రెలిస్తాది. ఎనిమిదో నాడు, ఎనిమిదో నాడు అదే గోల. తూనీగ తిప్పేకి వచ్చిన సేతికి తూము పలక తిప్పేకి రాదా? మాట్లాడు! దున్నపోతు మాదిరి నిలబడితే నేనేమనుకోవల్ల? నోరుండాదా నీకు, ల్యాదా?"

తొంభై సెకన్లు పూర్తయ్యాయి. దీపం ఆరిపోయింది. చౌడమ్మ దాన్ని చూడలేదు.

మద్దిలేటి గ్రీజు చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"పలక తుప్పు పట్టినాది," అన్నాడు. "మూడుసార్లు దండోళ్లకు రాసిచ్చినా. నన్నేం సేయమంటావు?"

"మాకు సెప్పల్ల."

"ఎట్ల సెప్పల్ల? మాటల్లేవు గదా."

ఆమె వంగి రాయిలోంచి తాళంచెవి తీసుకుంది.

"కింద మడి ఎండేది నా తప్పు గాదు. మీ పిల్లకాలువలో పూడిక మోకాటి లోతుండాది. పార పట్టుకోనొచ్చి తీస్కో."

"తీస్తా. నువ్వేం నేర్పబల్లే."

"ఓబులేసును సంపింది నేనే," అన్నాడు. "రిజిస్టర్లో రాసినా. నీతో అనల్యా."

"ఇప్పుడంటివి గదా."

"అంటి."

పదీ ముప్పై ఆరుకు మధ్యస్థం కొత్త మూలస్వరాన్ని నమోదు చేసింది. ఉదయం నారెమ్మ, ఈరమ్మల నమోదును దానితో తిరిగి కొలిచింది. తాపం సున్నా. నమోదు రద్దు. చౌడమ్మ చేతిలోని తెర మీద రెండు గడులూ పోయాయి.

అదే నిమిషంలో మిగిలిన ఇరవై ఒక్క రాళ్లు అరవై ఎనిమిది చూపాయి. ఆ రాళ్ల దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు; కొత్త గొంతుకు ఆ మౌనమే దూరం.

వంతెన దగ్గరుండే దండు కెప్టెన్ రత్నాకర్ నలుగురు మనుషులతో పన్నెండో రాయి దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఒక కొంగ ఉంది. "భంగపరిచిన వ్యక్తి పేరు" అన్న గడిని ఆయన ఖాళీగా వదిలేశాడు. తర్వాత తూము దగ్గరికి వచ్చి చౌడమ్మ దగ్గర తాళంచెవి తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసింది.

పన్నెండుకు శ్రీకంఠం ఆమె మీద దూరవాసం ఆజ్ఞ పంపాడు. మధ్యస్థం దాన్ని తిప్పి పంపింది. కారణం: సంఘటన స్థలంలో తాపం సున్నా.

"మీరేం చేశారో మీకు తెలుసా?" అని ఫోన్లో శ్రీకంఠం అడిగాడు. "ఇరవై ఒక్క చోట్ల భంగం. రెండూ ముప్పై ఆరుకు గడువు. అది దాటితే తూము దానంతటదే మూతపడుతుంది. ఇప్పుడు శ్రోత కూడా లేదు, గడి నొక్కడానికి."

"గడువుండాది గదా సార్. మాట్లాడుకుంటారు."

"ఎవరు?"

"నీళ్లు కావల్సినోళ్లు."

మద్దిలేటి పడమటి గట్టు వెంట, చౌడమ్మ తూర్పు గట్టు వెంట నడిచారు. ఇద్దరూ చెప్పింది ఒకటే: రాళ్ల దగ్గరికి పోయి అవతలి గట్టుతో మాట్లాడండి, లేకపోతే నీళ్లు బందు. మొదట ఎవరూ నమ్మలేదు. మాట్లాడితే దూరవాసం అని పదేపదే విన్నవాళ్లు. నారెమ్మ, ఈరమ్మ ఇళ్ల దగ్గరే ఉన్నారు, వాళ్లను ఎవరూ తీసుకుపోలేదు. అది చూశాక కదిలారు.

తొమ్మిదో రాయి దగ్గర ఇరువైపులా కలిపి ముప్పై మంది నిలబడ్డారు. ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి పడమటి గట్టు నుంచి ఒక ముసలాయన అడిగాడు: "మీ కాడ వాన ఎంత పడె?" రెండు గట్ల మధ్య దూరం నలభై అడుగులు. "మీ కాడ పడినంతే పడె, గుడ్డోడా," అని తూర్పు నుంచి జవాబు వచ్చింది. రాయి పన్నెండు చూపింది.

ఆరో రాయి దగ్గర పోరు కాలంలో తప్పిపోయిన ఎద్దు గురించి గొడవ జరిగింది. ఇరవయ్యో రాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఒకే మనిషి చావు గురించి రెండు తేదీలు చెప్పుకున్నారు. ఎక్కడా ఆయుధం కనబడలేదని కెప్టెన్ గంటకోసారి రాశాడు.

రెండూ ఇరవైకి ఒక్క మూడో రాయి మిగిలింది. తూర్పు గట్టు మీద నారెమ్మ, ఆమె వెనక కత్తువకింద వాళ్లు నిలబడ్డారు. పడమటి గట్టు మీద బండమీదూరు వాళ్లు. ఆరు వందల నాలుగో రోజున అక్కడున్న పదకొండు మందిలో తొమ్మిది మంది ఆ గుంపులో ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మద్దిలేటి ఏదో అనబోయాడు. చౌడమ్మ చెయ్యెత్తి ఆపింది.

రెండూ ముప్పై ఒకటికి ఈరమ్మ గట్టు అంచుకు వచ్చింది.

"నారెమ్మా. ఆ పొద్దు నేనీడనే ఉంటి."

నారెమ్మ కాలువ నీళ్ల వైపు చూసింది.

"మీ నాయిన పడింది సూసినా. నువ్వు సేన్లో వంగి ఉండేది గూడ సూసినా. కేకేయల్యా."

రెండూ ముప్పై రెండు. ముప్పై మూడు. రాయి అరవై ఎనిమిది దగ్గరే ఉంది.

"పొద్దున మేక కోసరం లేచినాదే నీ నోరు," అంది నారెమ్మ. "అంత నోరు ఆ పొద్దు యాడ పెట్టుకున్యావే, ముండా? ఒక్క కేక! 'నారీ' అంటే సాలు గదే. ఈత రాదా నాకు? మొగుడు పోతే మొగుడే పోయినాడు, నా నాయినేం సేసె నీకు? నీ నోరు పడిపోను, నీ కండ్లు పోను..."

ఆమె ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది. ఈరమ్మ మొదట నిలబడి విన్నది. తర్వాత తనూ తిట్టింది. రెండూ ముప్పై నాలుగుకు మూడో రాయి సున్నా చూపింది. తూము మూతపడలేదు.

నాలుగింటికి రాజధాని నుంచి రద్దు కాగితం వచ్చింది. ఊరికి ఐదు సంతకాలు చాలు, పాత మూలస్వరం తిరిగి వస్తుంది. కెప్టెన్ రత్నాకర్ దాన్ని అట్టకు పెట్టి రెండు ఊళ్లూ తిరిగాడు. చివరికి తూము దగ్గరికి వచ్చాడు. నారెమ్మ అక్కడ మేక మేసిన నారుమడిని చదును చేస్తోంది. చౌడమ్మ పారతో పిల్లకాలువలో పూడిక తీస్తోంది. మద్దిలేటి గట్టు మీద కూర్చుని, అట్ల గాదు, ఇట్ల అని చెబుతున్నాడు. గమ్మునుండమని ఆమె రెండుసార్లు అంది.

"సంతకం పెడితే ఏమైతాది?" అని నారెమ్మ అడిగింది.

"పాత పద్ధతి వస్తుందమ్మా. అరిస్తే భంగం."

"పెట్టకపోతే?"

"మాట్లాడకపోతే భంగం."

నారెమ్మ చేతుల మట్టి దులుపుకుంది.

"అయితే ఆ కాయితం దాని మేకకెయ్యి పో."

ఈరమ్మ అప్పుడే తూము పలక మీద నడిచి ఇవతలికి వస్తోంది. ఆమె తల మీద మిరప నారు కట్ట ఉంది.

"నా మేక కాయితాలు తినదు."

"అవును. నా నారే తింటాది."

ఈరమ్మ కట్ట దించింది. నారెమ్మ విప్పి చూసింది. నారు ముదిరిపోయిందని అంది. ముదిరితే నాటుకోవద్దని ఈరమ్మ అంది. నారెమ్మ కట్ట తీసుకుని మడి వైపు నడుస్తూ, నీళ్లు చాలవని మద్దిలేటిని తిట్టింది.

ఆరు గంటల పదకొండు నిమిషాలకు కెప్టెన్ రత్నాకర్ రాజధానికి పంపిన సమాచారం: కాగితం మీద సంతకాలు లేవు. తూము తెరిచే ఉంది. పదిహేడో రాయి దగ్గర నలుగురు వాదించుకుంటున్నారు. తాపం: సున్నా.